జ్వరం, ఒళ్ళు నొప్పులు వస్తే అది ఫ్లూనేనా, ఇంకేమైనా ఉందా: మన సీమలో ఎట్లా చూస్కోవాలి

వానలు పడి పది రోజులైతే చాలు, మా ల్యాబ్ ముందర బెంచీ నిండిపోతుంది. అనంతపురంలో పదకొండేళ్ళుగా రక్తం తీసే పని నాది. నేను డాక్టర్ని కాను, మందులు రాయను, కానీ జ్వరమొచ్చిన మనిషి లోపలికొచ్చి కుర్చీలో కూర్చుని ఏమంటాడో మాత్రం చానా సార్లు విన్నా. "ఏం లేదన్నా, వైరల్ అంట, ఒళ్ళంతా కొట్టినట్టుంది, ఎందుకైనా మంచిది టైఫాయిడూ మలేరియా డెంగీ మూడూ చేసేయ్." ఇదే మాట, ఎవరొచ్చినా ఇదే.

వైరల్ అనే మాట అబద్ధమేమీ కాదు, చానా మందికి అదే ఉంటుంది, నాలుగైదు రోజుల్లో తగ్గిపోతుంది. కానీ మొదటి రెండు రోజులు ఫ్లూ అయినా, డెంగీ అయినా, మలేరియా అయినా, పొదల్లో ఉండే చిన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ అయినా, టైఫాయిడ్ అయినా మనిషికి తెలిసేది ఒక్కటే: చలి, జ్వరం, తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, నోరు చేదు. డాక్టర్‌కి కూడా చెయ్యి పట్టుకుని చూడగానే తెలిసిపోదు. ఏది ఏదో తేల్చేది మీరు తీసుకుపోయే సమాచారమే, అంటే జ్వరం ఎన్నో రోజు, ఒంటి మీద ఏముంది, మీరు ఎక్కడెక్కడ తిరిగినారు అనేవి. ఈ మూడూ ఏ మెషీనూ చెప్పదు.

మా మామ సంగతి ముందు చెప్తా, ఎందుకంటే ఇదంతా రాయడానికి కారణం అదే. కళ్యాణదుర్గం వైపు పల్లె, చెనిక్కాయ చేను, దీపావళి అయిపోయినాక జ్వరం పట్టుకుంది. ఊర్లోనే ఆర్‌ఎంపీ దగ్గర నాలుగు రోజులు సూదులు, సెలైన్లు. ఐదో రోజు మా ఇంటికి పిల్చుకొచ్చినాం, రక్తం నేనే తీసినా, డెంగీ లేదు, మలేరియా లేదు, టైఫాయిడ్‌కి చేసే వైడల్ టెస్ట్ మాత్రం కొద్దిగా పాజిటివ్ వచ్చింది, ఇంకేముంది టైఫాయిడే అనుకుని ఒక ప్రైవేట్ క్లినిక్‌లో దానికి ఇంజెక్షన్లు మొదలుపెట్టినారు. ఏడో రోజు రాత్రి ఆయాసం మొదలైంది, పెద్దాసుపత్రికి పరిగెత్తినాం. అక్కడ ఒక హౌస్ సర్జన్ అమ్మాయి, ఇరవై మూడు ఇరవై నాలుగేళ్ళుంటాయి, పంచె కొంచెం లూజు చేయమని చెప్పి మొలతాడు పైకి జరిపి టార్చ్ వేసి చూసింది. మొలతాడు కింద, నడుము పక్కన, కందిగింజంత నల్లటి చెక్కు, చుట్టూ ఎర్రటి గీత. నొప్పి లేదు, దురద లేదు, అచ్చం సిగరెట్‌తో కాల్చినట్టుంది. మామ దాన్ని చూసి "మొలతాడు ఒరుసుకుందమ్మా" అన్నాడు. అది స్క్రబ్ టైఫస్. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టిన రెండో రోజుకి జ్వరం దిగింది, ఆయాసం తగ్గడానికి మాత్రం ఇంకో ఐదు రోజులు పట్టింది. అంతకుముందు చేసిన టైఫాయిడ్ ఇంజెక్షన్ స్క్రబ్ టైఫస్ మీద పని చేయదు. వారం రోజుల్లో ఒక్కరమంటే ఒక్కరం ఆ పంచె తీసి చూడలేదు.

సరే, జ్వరం వచ్చింది, ఏం చేయాలో వరసగా చెప్తా.

మొదటి పని: రోజు లెక్క రాయండి

క్యాలెండర్ మీద రాసినా సరే, ఫోన్‌లో రాసినా సరే. ఒళ్ళు వెచ్చబడిన మొదటి రోజు ఒకటో రోజు. మన వాళ్ళని అడిగితే "మొన్నట్నుంచి" అంటారు, మొన్న అంటే రెండు రోజులో ఐదు రోజులో వాళ్ళకే తెలీదు, కానీ ఏ టెస్ట్ చేయాలి అనేది మొత్తం ఆ నంబర్ మీదే ఆధారపడి ఉంటుంది. ఒక డిజిటల్ థర్మామీటర్ కొనుక్కోండి, పెద్ద ఖర్చు కాదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి చూసి టైమ్ వేసి రాయండి, మాత్ర వేసుకుంటే ఆ టైమ్ కూడా పక్కన రాయండి. 100.4 దాటితే జ్వరం అని లెక్క. చంకలో పెట్టి చూస్తే నాలుక కింద పెట్టినదానికన్నా కొంచెం తక్కువ చూపిస్తుంది, కాబట్టి ఎప్పుడూ ఒకే చోట పెట్టి చూడండి. చెయ్యి వేసి చూసి "కాలిపోతోంది" అనేది లెక్కలోకి రాదు.

ఈ చార్ట్ ఊరికే కాదు. రోజూ మెట్టు మెట్టుగా పెరుగుతూ వారానికి పైగా ఉంటే టైఫాయిడ్ మీదికి అనుమానం పోతుంది, దుప్పటి కప్పినా ఆగని వణుకు వచ్చి, తర్వాత కాలిపోయే జ్వరం, తర్వాత చెమటలు పట్టి దిగిపోయి, మళ్ళీ రోజు మార్చి రోజు అదే టైమ్‌కి వస్తే మలేరియా మీదికి పోతుంది. అందరికీ ఇంత నీట్‌గా రాదు, కానీ వచ్చినప్పుడు ఆ కాగితం చానా పనికొస్తుంది.

రెండో పని: ఒళ్ళంతా వెతకండి

సిగ్గుపడొద్దు. వెలుతురులో, ఇంట్లో దగ్గరి మనిషి చేత చూపించుకోండి. స్క్రబ్ టైఫస్ తెచ్చే పురుగు కంటికి కనపడనంత చిన్నది, పొదల్లో గడ్డిలో ఉంటుంది, అది కుట్టినప్పుడు తెలీదు, బట్టలు బిగుతుగా ఉండే చోట, చర్మం మడతపడే చోట కుడుతుంది. చంకలు, గజ్జలు, మొలతాడు కింద, లంగా నాడా కట్టుకునే చోట, ఆడవాళ్ళకి రొమ్ము కింద, మోకాలి వెనక మడత, చెవి వెనక, జుట్టు లోపల కూడా. నల్లటి చెక్కు కనపడితే డాక్టర్‌కి మీరే ముందు చూపించండి, అడిగేదాకా ఆగొద్దు. చెక్కు లేదంటే స్క్రబ్ టైఫస్ లేదని కాదు, చానా మందికి అది కనపడనే కనపడదు.

అట్లే ఒంటి మీద ఎర్ర దద్దుర్లు, చిగుళ్ళ నుంచి రక్తం, కళ్ళు పసుపుగా ఉండటం, చీము లేకుండా కళ్ళు ఎర్రగా ఉండటం, ఇవి కూడా చూసి రాసుకోండి. పిల్లలకైతే చెవి, గొంతు కూడా.

మూడో పని: మూడు వారాల వెనక్కి పోయి గుర్తు చేస్కోండి

ఇది తొందరగా అయ్యే పని కాదు, కానీ ఎక్కువ విషయం ఇందులోనే ఉంది. జబ్బు ఒంట్లోకి ఎక్కిన రోజుకీ జ్వరం బయటపడిన రోజుకీ మధ్య గ్యాప్ ఉంటుంది. ఫ్లూకి ఒకటి నుంచి నాలుగు రోజులు, డెంగీకి నాలుగు నుంచి పది, స్క్రబ్ టైఫస్‌కి ఆరు నుంచి ఇరవై ఒకటి, టైఫాయిడ్‌కి వారం నుంచి మూడు వారాలు. కాబట్టి నిన్న వానలో తడిసినాను అందుకే జ్వరం అని తేల్చేయకండి.

ఇంట్లో, ఆఫీసులో, బడిలో ఇంకొకరికి దగ్గు జలుబు ఉండి, మీకు గంటల్లో ఒక్కసారిగా జ్వరం ఎక్కి, పొడి దగ్గు, గొంతు నొప్పి ఉంటే ఫ్లూ గానీ కోవిడ్ గానీ అనుకోవచ్చు. మన దేశంలో ఫ్లూ రెండు సార్లు ఎక్కువ, జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానలు తగ్గే టైమ్‌లో ఇంకోసారి. గర్భిణీలు, 65 దాటినవాళ్ళు, షుగర్, ఆస్తమా, గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు "ఫ్లూనే కదా" అని ఇంట్లో కూర్చోవద్దు, దానికి ఓసెల్టామివిర్ అని మందుంది, మొదటి 48 గంటల్లో మొదలుపెడితే బాగా పని చేస్తుంది.

దగ్గు జలుబు పెద్దగా లేకుండా, కళ్ళ వెనక నొప్పి, ఎముకలు విరిగినట్టు నొప్పులు, ఇంటి చుట్టుపక్కల ఒకరిద్దరికి డెంగీ అంటే మీకూ డెంగీ అనుమానించండి. మన అనంతపురంలో, కర్నూలులో చానా వీధుల్లో కుళాయి నీళ్ళు రోజూ రావు, డ్రమ్ములు, తొట్లు, సంపులు నింపి పెట్టుకుంటాం, డెంగీ దోమకి కావాల్సింది సరిగ్గా అదే, మంచినీళ్ళు. మురికి కాలువలో పుట్టే దోమ కాదది, పగలు కుడుతుంది.

కీళ్ళు, ముఖ్యంగా వేళ్ళు, మణికట్లు, చీలమండలు పట్టేసి పొద్దున లేచి చెంబు పట్టుకోలేకపోతే చికున్‌గున్యా. 2006 గుర్తున్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, అప్పట్లో దేశమంతా 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు, మన సీమ జిల్లాలు మొదట్లోనే దెబ్బతిన్నాయి. మా వీధిలో ఒక్కో ఇంట్లో నలుగురికి నలుగురూ గోడ పట్టుకుని నడిచినారు, మా అమ్మ చపాతీ పిండి కలపడానికి ఐదు నెలలు పట్టింది.

చేను, గడ్డివాము, గొర్రెలు మేపే బీడు, అడవి అంచు, నల్లమల వైపు గుళ్ళకి పోయి రావడం, వీటిలో ఏదున్నా స్క్రబ్ టైఫస్, మలేరియా రెండూ చెప్పండి. కేసీ కెనాల్ కింద వరి మడిలో కాలికి పుండుతో దిగినా, ఎలుకలు తిరిగే గోడౌన్‌లో పని చేసినా, వరద నీళ్ళలో నడిచినా లెప్టోస్పైరోసిస్ ఉండొచ్చు. దాంట్లో పిక్కలు ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి, కళ్ళు ఎర్రగా, కొందరికి కామెర్లు, మూత్రం తగ్గడం.

గొర్రెలు మేకలు ఉన్న ఇళ్ళవాళ్ళు ఒక్క నిమిషం ఆగి చదవండి. ఈననీకి సాయం చేసేటప్పుడు ఉత్త చేతులతో మాయ తీయడం, కాచని పాలు తాగడం, ఇట్లాంటివి జరిగిన తర్వాత వారాల తరబడి వచ్చిపోయే జ్వరం, రాత్రి చెమటలు, నడుము నొప్పి, బరువు తగ్గడం ఉంటే బ్రూసెల్లోసిస్ అని ఒక జబ్బుంది. ఎవరూ అడగరు, మీరూ చెప్పరు, నెలల తరబడి పెయిన్ కిల్లర్లతో నెట్టుకొస్తారు. "మాకు జీవాలున్నాయి సార్" అని ఒక్క మాట డాక్టర్‌కి చెప్పండి. కనీసం ఆరు వారాల కోర్సు వాడాల్సి ఉంటుంది, మధ్యలో ఆపితే తిరగబెడుతుంది.

ఇంకా రెండు మూడు ఉన్నాయి. చలితో వణుకు, నడుముకి ఒక పక్క నొప్పి, మూత్రం మంట ఉంటే అది కిడ్నీ ఇన్‌ఫెక్షన్, ఆడవాళ్ళు మూత్రం సంగతి చెప్పుకోలేక ఒళ్ళు నొప్పులని మాత్రమే చెప్తారు. వెల్డింగ్ షాపులో జింక్ పూత పైపులు గానీ షీట్లు గానీ కాల్చిన రోజు రాత్రి చలి, జ్వరం, నోట్లో ఇనుము రుచి వచ్చి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతే అది ఆ పొగ వల్ల. పత్తికో టమాటాకో మందు కొట్టి వచ్చినాక జ్వరం లేకుండా తలనొప్పి, వాంతులు, విపరీతమైన చెమట, నోట్లో చొంగ, చూపు మసక ఉంటే అది ఫ్లూ కానే కాదు, పురుగుమందు ఎక్కింది, బట్టలు తీసేసి సబ్బుతో ఒళ్ళు కడిగి 108కి ఫోన్ చేయండి. ఏప్రిల్, మే ఎండల్లో పని చేసిన మనిషికి 104 దాటి జ్వరం, మాట తడబడటం ఉంటే వడదెబ్బ, మాత్రలతో తగ్గదు, నీడకి చేర్చి తడిగుడ్డలు, ఫ్యాను, నీళ్ళు చల్లుతూనే ఆసుపత్రికి.

నాలుగో పని: టెస్ట్ ఏ రోజుది ఆ రోజే

నా పని ఇదే కాబట్టి గట్టిగా చెప్తా. ఒకటో రోజే వచ్చి అన్నీ చేయించుకుంటే డబ్బులు పోతాయి, పైగా "నెగటివ్ వచ్చింది" అనే ధైర్యం తప్పుడు ధైర్యం అవుతుంది.

డెంగీకి మొదటి ఐదు రోజుల్లో రక్తంలో క్రిమి ముక్కని పట్టే ఎన్‌ఎస్‌1 టెస్ట్. ఐదో రోజు దాటితే ఐజీఎం, అంటే క్రిమి మీద ఒళ్ళు తయారుచేసుకునే యాంటీబాడీని చూసే టెస్ట్. మూడో రోజు ఐజీఎం చేయించుకుని లేదనుకుంటే ఏం లాభం. కార్డు మీద చేసేదాని కన్నా ల్యాబ్ మెషీన్‌లో చేసే ఎలీసా పద్ధతి నమ్మకం, సర్కారు పెద్దాసుపత్రుల్లో ఉచితంగా చేస్తారు. మలేరియాకి రక్తపు చుక్క గాజు పలక మీద తీసి చూసేది, పీహెచ్‌సీలో ఉచితం, ఒకసారి లేదని వచ్చినా చలిజ్వరం ఆగకపోతే మళ్ళీ చేయించండి. వైవాక్స్ రకం మలేరియా అని తేలితే ఇచ్చే 14 రోజుల మాత్రలు పూర్తిగా మింగండి, జ్వరం మూడో రోజుకే పోతుంది కానీ క్రిమి లివర్‌లో దాక్కుని నెలల తర్వాత లేస్తుంది.

వైడల్ గురించి. మన దగ్గర జ్వరం అంటే వైడల్, మా ల్యాబ్‌లోనూ అంతే. కానీ మొదటి వారంలో చేసిన ఒక్క వైడల్‌ని పట్టుకుని టైఫాయిడ్ అని చెప్పలేం, మన నీళ్ళూ మన తిండీ వల్ల ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి కూడా కొద్దిగా పాజిటివ్ వస్తుంది, వేరే జ్వరాల్లోనూ వస్తుంది. టైఫాయిడ్‌కి సరైన టెస్ట్ బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని క్రిమిని పెంచి చూసేది, అది యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందు తీయాలి. "కల్చర్ చేయించాలా సార్" అని మీరే అడగండి, తప్పులేదు.

సీబీసీ, అంటే రక్తకణాల లెక్క, మాత్రం అందరికీ పనికొస్తుంది. రిపోర్ట్ చేతికి రాగానే అందరూ ప్లేట్‌లెట్లు చూస్తారు, లక్షా యాభై వేల కన్నా కిందికి పోతే ఇల్లంతా ఏడుపు. దాని పక్కన పీసీవీ అని, రక్తంలో ఎర్రకణాల వాటా చెప్పే ఇంకో నంబర్ ఉంటుంది, దాన్ని కూడా చూపించి అడగండి. డెంగీలో ప్లేట్‌లెట్లు తగ్గుతూ పీసీవీ పెరుగుతోందంటే రక్తంలో నీరు బయటికి కారిపోయి రక్తం చిక్కబడుతోందని, ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా అదే. రక్తం కారకుండా ప్లేట్‌లెట్లు 40 వేలున్నాయని ఎక్కించమని డాక్టర్‌తో కొట్లాడకండి, మామూలుగా 10 వేల కిందికి పోయినప్పుడో, రక్తస్రావం ఉన్నప్పుడో ఎక్కిస్తారు. స్క్రబ్ టైఫస్‌లో, మలేరియాలో కూడా ప్లేట్‌లెట్లు పడిపోతాయి, కాబట్టి ప్లేట్‌లెట్లు తగ్గినాయంటే డెంగీ అని రాసిపెట్టుకోవద్దు.

ఐదో పని: ఇంట్లో వేసుకునేది, వేసుకోకూడనిది

ఏ జ్వరమో తెలిసేదాకా పారాసిటమాల్ ఒక్కటే. పెద్దవాళ్ళు 650 మాత్ర ఆరు గంటల గ్యాప్‌తో, రోజుకి నాలుగు దాటకుండా. లివర్ జబ్బున్నవాళ్ళు, రోజూ తాగే అలవాటున్నవాళ్ళు డాక్టర్ని అడిగే వేసుకోవాలి. పిల్లలకి వయసును బట్టి కాదు, బరువును బట్టి, కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు.

డైక్లోఫెనాక్ సూది, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు. ఒళ్ళు నొప్పులకి నడుము మీద సూది వేయించుకుంటే అప్పటికి హాయిగా ఉంటుంది, డెంగీ అయితే కడుపులో రక్తస్రావానికి దారి తీస్తుంది. గుండెకి రోజూ ఆస్పిరిన్ వాడేవాళ్ళు సొంతంగా ఆపకుండా డాక్టర్‌కి ఫోన్ చేసి అడగండి. షాపులో సగం స్ట్రిప్ యాంటీబయాటిక్ అడిగి తెచ్చుకోవద్దు, జబ్బు తగ్గదు, కల్చర్‌లో క్రిమి దొరకదు. స్టెరాయిడ్ కలిపిన సూది కూడా అంతే, ఒక్క పూట లేచి తిరుగుతారు, లోపల జబ్బు ముదురుతుంది.

నీళ్ళు, ఓఆర్‌ఎస్, పల్చటి మజ్జిగ, రాగి జావ, కొబ్బరినీళ్ళు, ఏది దిగితే అది, కొద్దికొద్దిగా తాగుతూనే ఉండాలి. మూత్రం ఎన్నిసార్లు పోయినారో అది కూడా ఆ కాగితం మీదే రాయండి. ఆరు గంటలుగా మూత్రం రాలేదంటే ఆసుపత్రికి పోవాల్సిందే.

ఆరో పని: జ్వరం దిగిన రోజు ఇంకా జాగ్రత్త

డెంగీలో మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగుతుంది, ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకుంటారు, అసలు ప్రమాదం అప్పుడే మొదలయ్యేది. జ్వరం లేదు కదా అని ఆ రెండు రోజులూ చేనుకో డ్యూటీకో పంపొద్దు, పక్కన మనిషి ఉండాలి. కడుపులో గట్టి నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లటి విరేచనం, చేతులు కాళ్ళు చల్లబడటం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం, మనిషి మత్తుగా పడుకోవడమో ఊరికే చిరాకుగా కదలడమో కనపడితే రాత్రి రెండైనా సరే పోవాల్సిందే.

డెంగీ అనే కాదు, ఏ జ్వరంలోనైనా ఆయాసం, ఆక్సిజన్ 94 కన్నా తక్కువ, మెడ వంగకపోవడం, ఫిట్స్, మాట తేడా, కళ్ళు పచ్చబడటం ఉంటే టెస్టుల కోసం ల్యాబుల చుట్టూ తిరగొద్దు, నేరుగా ఎమర్జెన్సీకే. కర్నూలు పెద్దాసుపత్రి, అనంతపురం సర్వజన ఆసుపత్రి, కడప రిమ్స్, మూడూ 24 గంటలూ ఉంటాయి. మూడు నెలల లోపు పసిబిడ్డకి 100.4 జ్వరం అంటేనే ఎమర్జెన్సీ. ఏడాది నుంచి ఐదేళ్ళ పిల్లలు నిమిషానికి 40 సార్లు, ఏడాది లోపు పిల్లలు 50 సార్లు, రెండు నెలల లోపు బిడ్డ 60 సార్లు, లేదా అంతకన్నా ఎక్కువ ఊపిరి తీస్తుంటే న్యుమోనియా అనుమానించాలి, బిడ్డ పడుకున్నప్పుడు చొక్కా ఎత్తి ఫోన్‌లో నిమిషం పెట్టుకుని పొట్ట లేచేది లెక్కపెట్టండి.

రెండు వారాలు దాటితే

అది ఇంక ఫ్లూ కాదు. సాయంత్రం పూట సన్నటి జ్వరం, దగ్గు, బరువు తగ్గడం, రాత్రి దిండు తడిసే చెమట ఉంటే టీబీకి కఫం టెస్ట్, సర్కారులో ఉచితం, మందులూ ఉచితం, పోషణకి నెలకి 1000 రూపాయలు కూడా ఖాతాలో వేస్తారు. ఊర్లో ఆశా కార్యకర్తని అడిగితే డబ్బా ఇచ్చి ఎట్లా తీయాలో చెప్తుంది. హెచ్‌ఐవీ టెస్ట్ కూడా డాక్టర్ రాస్తే వద్దనకండి.

ఆసుపత్రికి పోయేటప్పుడు ఒక కవర్‌లో ఆ జ్వరం కాగితం, వేసుకున్న మాత్రల స్ట్రిప్పులు ఖాళీవైనా సరే, చేసిన సూదుల పేర్లు, పాత రిపోర్టులు, ఆధార్, ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు పెట్టుకోండి. ఆర్‌ఎంపీ చీటీ ఇవ్వకపోతే సూది సీసా ఫోటో తీసుకోండి, మా మామ విషయంలో ఆ నాలుగు రోజులు ఏం చేసినారో ఎవరం చెప్పలేకపోయినాం.

ఇంట్లో ఒకరికి డెంగీ అని తేలితే ఆ మనిషిని పగలు కూడా దోమతెరలో పడుకోబెట్టండి, ఎందుకంటే ఆ మనిషిని కుట్టిన దోమే తర్వాత మీ పిల్లల్ని కుడుతుంది. అదే రోజు తొట్లు, డ్రమ్ములు, కూలర్, ఫ్రిజ్ వెనక ట్రే, మిద్దె మీద పాత టైర్లు అన్నీ ఒంపేసి, లోపలి గోడలు బ్రష్షుతో గట్టిగా రుద్దండి, గుడ్లు గోడకి అంటుకుని ఎండిపోయినా నెలల పాటు బతికుంటాయి. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు, కాబట్టి ప్రతి శుక్రవారం ఇదే పని.